ఒక్కరి కొలతలకు కట్టిన బండి

నా మోటారుసైకిలును నేను రెండుసార్లు కట్టాను. మొదటిసారి 14 నెలలు పట్టింది, రెండోసారి దాదాపు రెండేళ్లు. రెండుసార్లూ అదే ఇంజను, అదే ఫ్రేము, అవే చక్రాలు. మొదటిసారి కట్టిన బండిని చూసినవారందరూ మెచ్చుకున్నారు. ఫొటోల్లో అది నిజంగానే చూడముచ్చటగా ఉండేది. అయినా ఏడాది మొత్తంలో దానిమీద నేను తిరిగింది 410 కిలోమీటర్లు మాత్రమే, ఎందుకంటే బయలుదేరిన 20 నిమిషాలకే మణికట్లు తిమ్మిరెక్కేవి, నడుము పట్టేసేది, గతుకుల రోడ్డు వస్తే హ్యాండిలు చేతుల్లో వణికేది. రెండోసారి కట్టిన బండిని ఎవరూ ఆగి చూడరు. దానిమీద ఇప్పటికి 11,000 కిలోమీటర్లు దాటాను. ఈ రెండు బండ్లకూ మధ్య ఏం మారిందో చెబుతూ, సొంతంగా బండి కట్టుకోవాలనుకునేవారితో ఒక విషయం వాదించాలని ఇది రాస్తున్నాను.

కస్టమ్ బైకు అనగానే మన కళ్ల ముందు ఒక ఆకారం కదులుతుంది: కిందికి దించిన హ్యాండిలు, పలక లాంటి సీటు, కత్తిరించిన వెనక భాగం, లావు టైర్లు. ఆ మాటకు అసలు అర్థం మాత్రం ఆకారంలో కాక కొలతలో ఉంది. దర్జీ ఒకరి ఒంటి కొలతలు తీసుకుని కుట్టిన చొక్కాకూ దుకాణంలో వేలాడే చొక్కాకూ మధ్య ఉన్న తేడాయే ఇక్కడా ఉంది. కర్మాగారం ఒక బండిని వేలమంది కోసం, లక్షలమంది కోసం తయారుచేస్తుంది. 55 కిలోల మనిషికీ 110 కిలోల మనిషికీ, పొట్టివారికీ పొడుగువారికీ, ఒంటరిగా వెళ్లేవారికీ వెనక మరొకరిని ఎక్కించుకునేవారికీ అది ఎంతో కొంత సరిపోవాలి, కాబట్టి ఎవరికీ పూర్తిగా సరిపోదు. తీరిక వేళల్లో ఒకే ఒక్క బండి కట్టుకునే మనకు మాత్రం అది ఒక్క మనిషికి సరిపోతే చాలు. కర్మాగారానికి ఎన్నటికీ దొరకని ఈ వెసులుబాటును కేవలం రూపం కోసం ఖర్చుచేయడం చాలా పెద్ద నష్టమన్నదే నా వాదన.

మనం ఈరోజు అనుకరిస్తున్న ఆకారాలు కూడా మొదట అవసరం నుంచి పుట్టినవే. 1950లు, 60లలో బ్రిటన్ కుర్రకారు నడిపిన కెఫే రేసర్ బండ్లకు హ్యాండిలు కిందికి దించడం వెనుక, గాలికి ఎదురుగా ఒంటిని వంచి మరికొంత వేగం రాబట్టాలన్న స్పష్టమైన ఉద్దేశం ఉంది. వాటిలో అన్నిటికన్నా పేరు పొందిన ట్రైటన్ కథ నాకు చాలా ఇష్టం. 1950లో బ్రిటిష్ మోటారుసైకిలు సంస్థ నార్టన్ తన రేసు బండ్లకు ఉత్తర ఐర్లాండుకు చెందిన మెక్‌కాండ్లెస్ సోదరుల ఫ్రేమును వాడటం మొదలుపెట్టింది. మెత్తని పరుపులా ఉందని ఒక రేసరు అన్న మాటతో దానికి ఫెదర్‌బెడ్ అనే పేరు స్థిరపడింది. అదే కాలంలో 500 సీసీ రేసు కార్లు కట్టేవారికి నార్టన్ ఇంజను కావలసి వచ్చేది. సంస్థ ఇంజనును విడిగా అమ్మకపోవడంతో వారు బండి మొత్తం కొని, ఇంజను తీసుకుని, ఫ్రేమును వదిలేసేవారు. అలా మిగిలిన మంచి ఫ్రేములో మరో బ్రిటిష్ సంస్థ ట్రయంఫ్ చేసిన బలమైన రెండు సిలిండర్ల ఇంజనును బిగించినవారికి నిలకడా వేగమూ ఒకే బండిలో దొరికాయి. ట్రైటన్‌లో అలంకారం కోసం వచ్చిన భాగం అంటూ మొదట్లో ఏదీ లేదు. దాని రూపాన్ని మాత్రమే తీసుకుని, అది ఏ అవసరానికి జవాబుగా వచ్చిందో వదిలేస్తే మన చేతికి మిగిలేది మణికట్టు నొప్పే.

అసలు మోటారుసైకిలు పుట్టిందే ఒక పెరటి గదిలో. 1885లో గాట్లీబ్ డైమ్లర్, విల్‌హెల్మ్ మైబాహ్ జర్మనీలోని కాన్‌స్టాట్‌లో, తోటలో ఉన్న చిన్న గదిలో చెక్క ఫ్రేముతో మొదటి పెట్రోలు బండి కట్టినప్పుడు, తమ ఇంజను ఒక వాహనాన్ని లాగగలదా అని తేల్చుకోవడమే వారి ఉద్దేశం. న్యూజిలాండ్‌కు చెందిన బర్ట్ మన్రో 1920లో కొన్న అమెరికన్ మోటారుసైకిలు ఇండియన్ స్కౌట్‌ను జీవితమంతా మార్చుతూనే ఉన్నారు, దానికి పిస్టన్లు కూడా ఇంట్లోనే పోతపోసుకున్నారు. కొత్తగా ఉన్నప్పుడు గంటకు 90 కిలోమీటర్లు కూడా అందని ఆ బండి మీద 1967లో, 68 ఏళ్ల వయసులో, అమెరికాలోని బానవిల్ ఉప్పు మైదానంలో 1000 సీసీ లోపు తరగతిలో గంటకు 295 కిలోమీటర్లకు పైగా వేగంతో రికార్డు నెలకొల్పారు. ఆయన పనివాడితనాన్ని మించి నాకు ఆశ్చర్యం కలిగించేది ఆయన పట్టుదలలోని ఏకాగ్రత. ఒక మనిషి, ఒక బండి, ఒకటే ప్రశ్న: ఇది ఇంకా ఎంత వేగంగా పోగలదు? మన ప్రశ్న అంత పెద్దది కానక్కరలేదు. వారానికోసారి 200 కిలోమీటర్లు నొప్పి లేకుండా వెళ్లి రావాలన్నది కూడా మంచి ప్రశ్నే, నా రెండో బండి సరిగ్గా ఆ ప్రశ్నకు జవాబుగానే తయారైంది. మొదటి బండి కట్టేటప్పుడు నా దగ్గర ఏ ప్రశ్నా లేదు, ఒక ఫొటో మాత్రమే ఉంది.

ఆ ఫొటోలో ట్యాంకు అడుగు నుంచి సీటు చివరి వరకు ఒకే సరళరేఖ కనిపించేది. ఆ గీత కోసం నేను వెనక షాక్ అబ్జార్బర్లను తీసేసి పొడవైనవి బిగించాను. బండి వెనక భాగం 50 మిల్లీమీటర్లు పైకి లేచింది, గీత నేను కోరుకున్నట్లే వచ్చింది. అప్పుడు నేను వేయని లెక్క ఒకటుంది. దాన్ని కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే సొంతంగా బండి కట్టేవారు నేర్చుకోవలసిన లెక్క ఒక్కటే ఉంటే అది ఇదే.

స్టీరింగు కాలమ్ నిట్టనిలువుగా ఉండదు, కొంత వెనక్కి వాలి ఉంటుంది. ఆ వాలును రేక్ అంటారు. ఆ వాలు వెంట ఒక ఊహారేఖను నేల వరకు గీస్తే, ముందు టైరు నేలను తాకే చోటు కంటే ఆ రేఖ కొంత ముందు నేలను తాకుతుంది. ఈ రెండు చోట్ల మధ్య దూరమే ట్రెయిల్. బల్ల కింద తిరిగే చిన్న చక్రం మనం తోసిన దిక్కుకు తనంతట తానే మళ్లుకుని వెనకాలే వచ్చినట్లు, ట్రెయిల్ ఉండటం వల్లే ముందు చక్రం తిన్నగా నిలబడాలని చూస్తుంది. నా బండిలో ముందు చక్రం వ్యాసార్ధం టైరుతో కలిపి 310 మిల్లీమీటర్లు, రేక్ 26 డిగ్రీలు, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు గొట్టాలు స్టీరింగు ఇరుసుకు ముందుగా ఉన్న దూరం 45 మిల్లీమీటర్లు. వ్యాసార్ధాన్ని రేక్ సైన్‌తో గుణించి, అందులోంచి ఆ 45ను తీసివేసి, వచ్చినదాన్ని రేక్ కొసైన్‌తో భాగిస్తే ట్రెయిల్ 101 మిల్లీమీటర్లని తేలుతుంది. రెండు చక్రాల మధ్య దూరం 1350 మిల్లీమీటర్లున్న బండిలో వెనక భాగాన్ని 50 మిల్లీమీటర్లు ఎత్తితే బండి మొత్తం రెండు డిగ్రీలకు పైగా ముందుకు వాలుతుంది, రేక్ 24 డిగ్రీల లోపుకు వస్తుంది, ట్రెయిల్ 88కి పడిపోతుంది. 13 మిల్లీమీటర్ల తేడా కాగితం మీద చిన్నదే. గతుకుల రోడ్డు మీద గంటకు 70 కిలోమీటర్ల వేగంలో హ్యాండిలు ఎడమకూ కుడికీ వణకడం మొదలైనప్పుడు అది ఎంత పెద్దదో నాకు తెలిసింది.

అంతటితో ఆగలేదు. వెనక భాగం లేవడంతో, వెనక చక్రాన్ని ఫ్రేముకు కలిపే స్వింగ్‌ఆర్మ్ వాలు పెరిగి, చెయిను దానిమీది రబ్బరు పట్టీని కోసేయడం మొదలుపెట్టింది. సైడ్‌స్టాండు పొడవు చాలక బండి ఎడమకు మరీ ఎక్కువగా ఒరిగేది. సీటు ముందుకు వాలడంతో బ్రేకు వేసిన ప్రతిసారీ ట్యాంకు మీదికి జారడాన్ని ఆపడానికి చేతులు బిగపట్టవలసి వచ్చేది, మణికట్ల నొప్పికి సగం కారణం అదే. కంటికి నచ్చిన ఒక్క గీత కోసం నాలుగు చోట్ల అప్పు చేశాను. బండిలో ఏ కొలతా ఒంటరిగా ఉండదని నాకు ఈ అనుభవమే నేర్పింది. రెండోసారి కట్టినప్పుడు మొట్టమొదట చేసిన పని, పాత పొడవు షాక్ అబ్జార్బర్లను తిరిగి బిగించడం.

గాలి పెట్టె సంగతి కూడా ఇలాంటిదే. సీటు కింద ఉండే ఆ నల్లని ప్లాస్టిక్ పెట్టెను తీసిపారేసి, గాలినీ పెట్రోలునూ కలిపి ఇంజనుకు పంపే కార్బురేటర్లకు చిన్న శంఖాకారపు ఫిల్టర్లు తగిలిస్తే ఫ్రేము మధ్యలో ఖాళీ ఏర్పడి బండి తేలికగా కనిపిస్తుంది. చాలామంది చేసే పని ఇదే, నేనూ చేశాను. నా కార్బురేటర్లు పలుచని రబ్బరు పొర, అంటే డయాఫ్రమ్‌తో పనిచేసే రకం. వాటిలో జారుడు పిస్టన్‌ను పైకి లేపేది మన చేతిలోని కేబులు కాదు, కార్బురేటరు గొంతులోని గాలి ఒత్తిడికీ బయటి ఒత్తిడికీ మధ్య ఉన్న తేడా. ఆ తేడా నిలకడగా ఉండాలంటే కార్బురేటరు నోటి దగ్గర గాలి ప్రశాంతంగా ఉండాలి, ఆ ప్రశాంతతను ఇచ్చేదే ఆ పెట్టె. పైగా నోటి అంచున ఉండే చిన్న గాలి రంధ్రాన్ని కొన్ని ఫిల్టర్ల రబ్బరు అంచు మూసేస్తుంది కూడా. పక్కగాలి వీచినప్పుడల్లా నా ఇంజను తడబడేది, సగం థ్రాటిల్ దగ్గర పెట్రోలు పాలు తగ్గి ప్లగ్గులు తెల్లబడేవి. పెట్రోలు ఎంత రావాలో నిర్ణయించే మెయిన్ జెట్లను నాలుగు సైజుల్లో మార్చి, కార్బురేటరు సూదిని ఒక్కొక్క గాడి ఎత్తి చూశాను. ఒక చోట కుదిరితే మరొక చోట చెడేది. జెట్లు మార్చడంలో ఓపికా, పరికరాలూ ఉన్నవారు దీన్ని సరిదిద్దగలరన్న మాట నిజమే. కానీ బాగా పనిచేస్తున్న దానిని చెడగొట్టి, ఆ చెడును సరిచేయడానికి ఆరు నెలలు వెచ్చించడం ఎవరి కొలతకు బండిని కట్టినట్లు? పాత పెట్టెను వెతికి తెచ్చి తిరిగి బిగించిన రోజు, ఆ ఇంజను ఎంత చక్కగా తిరుగుతుందో నాకు మొదటిసారి తెలిసింది.

దీనికి కొందరు చెప్పే అభ్యంతరం నాకు తెలుసు. కర్మాగారం చేసిందంతా సరైనదే అయితే బండిని ముట్టుకోవడం ఎందుకు, అలాగే నడుపుకోవచ్చు కదా అంటారు. నేను చెప్పేది అది కాదు. కర్మాగారం ఎక్కడ రాజీపడిందో వెతికి అక్కడే చేయి పెట్టమంటున్నాను. నా బండిలో ముందు ఫోర్కు పైకీ కిందికీ కదలగల దూరం మొత్తం 140 మిల్లీమీటర్లు. నేను కూర్చోగానే అందులో 58 మిల్లీమీటర్లు కుంగిపోయేది, అంటే 40 శాతానికి పైగా. సాధారణంగా అది మూడో వంతుకు మించకూడదు. ఆ స్ప్రింగులు నాకంటే బాగా తేలికైన మనిషిని దృష్టిలో పెట్టుకుని వేసినవి. నా బరువుకు తగిన గట్టి స్ప్రింగులు తెప్పించి, వాటిపైన పెట్టే గొట్టపు ముక్కను మిల్లీమీటరు మిల్లీమీటరుగా కోస్తూ, ప్రతిసారీ ఫోర్కు గొట్టానికి ప్లాస్టిక్ పట్టీ కట్టి అది ఎంత కిందికి జారిందో కొలుస్తూ, చివరికి కుంగుడును 45 మిల్లీమీటర్లకు తెచ్చాను. బ్రేకు వేస్తే ముక్కు నేలకు వంగడం ఆగింది, గతుకుల మీద చక్రం నేలను వదలడం తగ్గింది. నా బండి మీద నేను చేసిన మార్పులన్నింటిలోకీ విలువైనది ఇదే. ఇది ఏ ఫొటోలోనూ కనిపించదు.

కూర్చునే తీరును కుదుర్చుకోవడానికి కూడా ఖరీదైన పరికరాలేవీ అవసరం లేదు. బండిని నిటారుగా స్టాండుమీద నిలిపి, గోడ పక్కన పెట్టి, రోజూ వేసుకునే బూట్లతో ఎక్కి కూర్చుని, ఒకరి చేత పక్క నుంచి చూపించుకోవాలి. సీటు, ఫుట్‌రెస్టు, హ్యాండిలు పిడి అనే మూడు బిందువులు చేసే త్రిభుజమే మన ఒంటికి చొక్కా కొలత. హ్యాండిలును దించితే ఒళ్లు ముందుకు వంగుతుంది, అప్పుడు ఫుట్‌రెస్టులు కూడా వెనక్కి జరగాలి, లేకపోతే బరువు మోయవలసిన కాళ్లు ఊరుకుని చేతులు ఆ పని చేస్తాయి. నేను మొదటిసారి హ్యాండిలును దించి ఫుట్‌రెస్టులను ఉన్నచోటే వదిలేశాను. సీటులో 25 మిల్లీమీటర్ల స్పాంజి వేశాను. రెండోసారి అడుగున గట్టి స్పాంజి, పైన మెత్తనిది అతికించి 70 మిల్లీమీటర్ల మందం చేసి, బట్ట కుట్టించకుండానే నెలరోజులు నడిపి, కూర్చున్నచోట పడిన ముద్రను బట్టి కోసి సరిచేశాను.

ఇక వెల్డింగు, బ్రేకులు. వీటి గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది, కొందరికి నచ్చకపోవచ్చు. అభిరుచి కోసం బండి కట్టేవారు అన్ని పనులూ తమ చేత్తోనే చేయాలన్న పట్టింపు పెట్టుకోకూడదు. ఫ్రేము వెనక భాగానికి వేసే వంపు గొట్టాన్ని నేనే కొలిచాను, నేనే కోశాను, ఆకురాయితో అంచులను చేపనోరులా చెక్కి పాత గొట్టానికి సందు లేకుండా కూర్చాను, లోపల దన్నుగా మరో గొట్టపు ముక్కను కూడా అమర్చాను. అసలు అతుకును మాత్రం ఆ పనిలో జీవితం గడిపినవారి చేత వేయించాను. అంతకుముందు ఏడాది పాటు ముక్కల మీద నేను కూడా వెల్డింగు సాధన చేశాను. చూడటానికి బాగున్న నా అతుకులను బెంచి వైస్‌లో బిగించి వంచితే సగానికి సగం విరిగిపోయాయి, లోపల లోహం కలవనే లేదు. ఆ సాధన వృథా కాలేదు, మంచి అతుకేదో చెడ్డ అతుకేదో గుర్తుపట్టే కన్ను నాకు దానివల్లే వచ్చింది. అప్పుడు ఆ బండి నీది ఎలా అవుతుందని అడిగితే, చొక్కా నాదవడానికి దారం నేనే వడకనక్కరలేదని నా జవాబు.

వంపు గొట్టం అతికించే ముందు షాక్ అబ్జార్బర్లను విప్పి, వెనక చక్రాన్ని పూర్తిగా పైకి తెచ్చి, టైరు సీటు అడుగును తాకకుండా ఎంత ఖాళీ మిగులుతుందో తప్పక చూసుకోవాలి. కత్తిరించిన బండ్లలో ఈ పరీక్ష తప్పించుకున్నవి, పెద్ద గతుకు వచ్చిన రోజున ఆ సంగతి బయటపెడతాయి. పెట్రోలు ట్యాంకుకు వెల్డింగు చేయడం మాత్రం ఇంటి దగ్గర అసలు తలపెట్టవద్దు. నిండు ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకులో మిగిలిన ఆవిరే ఎక్కువ ప్రమాదకరం, ఒకసారి కడిగినంత మాత్రాన అది పోదు. ఫ్రేము కోసే ముందు మీరుండే చోట ఏ మార్పుకు అనుమతి ఉందో, ఏ తనిఖీ అవసరమో కూడా తెలుసుకోవాలి.

బ్రేకుల విషయంలో నేను చేసిన తప్పు చెబుతాను. చూపుకు బాగుందని, లివరు నొక్కితే బ్రేకు నూనెను తోసే 14 మిల్లీమీటర్ల మాస్టరు సిలిండరు తీసి 16 మిల్లీమీటర్లది బిగించాను. లివరు గట్టిపడింది, బ్రేకు మెరుగుపడిందనుకుని సంతోషించాను. నిజానికి సిలిండరు అడ్డుకోత వైశాల్యం 30 శాతం పెరగడంతో, అదే చేతి బలానికి గొట్టంలోని ఒత్తిడి సుమారు 23 శాతం తగ్గింది. బ్రేకు పదునును లివరు గట్టిదనంతో కొలవడం ఎంత పొరపాటో ఆ లెక్క వేసిన రాత్రి అర్థమైంది. మర్నాడే పాతది వెనక్కి బిగించాను.

వైరింగు పని మాత్రం నిశ్చింతగా మన చేత్తో చేసుకోవచ్చు. కర్మాగారంలో ఒక్కొక్క బండికి దొరకని సమయం మన దగ్గర ఉంటుంది. ఫ్యూజును బ్యాటరీకి వీలైనంత దగ్గరగా పెట్టడం, ఇంజనుకూ ఫ్రేముకూ బ్యాటరీకీ మధ్య పెయింటు గీకి మరీ మంచి ఎర్తు వేయడం, అదిరే చోట తీగ వంగేలా కొంత వదులు ఉంచడం, ఏ తీగ ఎక్కడికి పోతుందో కాగితం మీద గీసి ఆ కాగితాన్ని సీటు కింద దాచడం, ఇవన్నీ డబ్బుతో కాక ఓపికతో అయ్యే పనులు. న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో జాన్ బ్రిటెన్ అనే ఇంజనీరు కొద్దిమంది స్నేహితులతో కలిసి ఇంజను మొదలు కార్బన్ ఫైబర్ చక్రాల దాకా సొంతంగా తయారుచేసిన బండి, 1992లో అమెరికాలోని డేటోనా రేసులో పెద్ద కర్మాగారాల బండ్లను దాటి ముందు పరుగెత్తుతూ ఆగిపోయింది ఒక విద్యుత్ లోపం వల్లనే. వైరింగు ముందు కూర్చున్నప్పుడల్లా ఆ పోటీ నాకు గుర్తొస్తుంది.

అందం అక్కరలేదా అని అడిగేవారికి, నాకు అందమంటే చాలా ఇష్టమనే చెబుతాను. అది ఎప్పుడు వస్తుందన్నదే మన మధ్య తేడా. మొదటి బండికి ట్యాంకు రంగును మొదటి నెలలోనే నిర్ణయించాను, మిగతా కొలతలన్నీ ఆ రంగుకు తలవంచాయి. పెయింటు వేసేశాక ఏదైనా బ్రాకెటు చోటు తప్పిందని తెలిస్తే, రంగు చెడిపోతుందన్న బెంగతో తప్పును అలాగే ఉంచేశాను కూడా. రెండోసారి బండి మొత్తాన్ని రంగు లేకుండా బిగించి, తుప్పు పట్టకుండా పలుచగా నూనె రాస్తూ, 600 కిలోమీటర్లు నడిపి, పగుళ్లూ రాపిడి గుర్తులూ వెతికాను. బ్యాటరీ పెట్టె బ్రాకెటు ఒకటి పగిలింది, దానికింద రబ్బరు బుష్షులు వేశాను. వెనక మడ్‌గార్డు బోల్టు వదులైంది, అక్కడ స్వయంగా బిగుసుకునే నట్టు పెట్టాను. ఆ తర్వాతే అన్నీ విప్పి రంగుకు పంపాను. ట్యాంకుకు ఒకే ముదురు ఆకుపచ్చ, గీతలు లేవు. ఫుట్‌రెస్టులకు వచ్చేసరికి మాత్రం పని ఇంకా పూర్తికాలేదు. వాటిని పట్టుకునే పలకను ఉక్కుతో కోసి, 15 మిల్లీమీటర్ల ఎడంతో మూడు రంధ్రాలు వేసుకున్నాను. ముందు రంధ్రంలో 2,000 కిలోమీటర్లు తిరిగాను, మోకాళ్లు పట్టేశాయి. వెనక రంధ్రంలో 1,500 తిరిగాను, గేరు మార్చడానికి పాదం చాలడం లేదు. ఇప్పుడు బోల్టు మధ్య రంధ్రంలో ఉంది. ఇంకో వెయ్యి కిలోమీటర్లు చూసి, అదే సరైనదని ఒళ్లు చెబితే, ఆ ఒక్క రంధ్రంతో అల్యూమినియం పలక కోస్తాను.